గోడ మీది రేడియో నేలకు దిగింది: చంటిపిల్లల ఇళ్లలో పాటల పెట్టెలతో పదిలం!

ఆర్మూరు: పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే ఆర్మూరు చుట్టుపక్కల గ్రామాల్లో పగటిపూట చాలా ఇళ్లలో మిగిలేది ఇద్దరే. ఒకరు బీడీల చాట ముందేసుకున్న అవ్వ. మరొకరు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న మనుమడో, మనుమరాలో. జనవరి నుంచి మార్చి దాకా కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, కల్లంలో ఆరబోయడం, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టడం - ఈ పనులతో ఇంటిల్లిపాదీ చేలల్లోనే ఉంటారు. అవ్వ కళ్లు తునికాకు మీద, కత్తెర మీద ఉంటాయి. పిల్లవాడి కళ్లు మాత్రం మూలనున్న హోమ్ థియేటర్ మీద ఉంటాయి. అందులో నీలం దీపం మిణుకుమిణుకుమంటుంది. నాబ్ పట్టుకుంటే గిర్రున తిరుగుతుంది. బటన్ నొక్కితే పెట్టె గొంతెత్తి పాడుతుంది. ఏడాది పిల్లవాడికి ఇంతకంటే వింత ఏముంటుంది?

పెట్టె పాడవుతుందన్నది చిన్న సంగతి. వచ్చే ఏడు నిజామాబాద్ యార్డులో పసుపు అమ్ముకున్నాక మరొకటి కొనుక్కోవచ్చు. కానీ ఆ పెట్టెతో పాటు వచ్చిన రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ పిల్లవాడి గొంతులోకి పోయినా, వెనుక వేలాడే వైరు నోట్లోకి పోయినా, నిలువెత్తు బాక్సు మీద పడినా కొనుక్కుని తెచ్చుకోగలిగేది ఏమీ ఉండదు. ఇళ్లలో పాటల పెట్టెలు పెరిగినంతగా ఈ ఎరుక పెరగలేదని చెప్పక తప్పదు.

తాత చేయి తప్ప ముట్టనిది

వెనుకటి కాలంలో ఈ బెడద లేదు. రేడియో కొన్న ఇంట మొదట చేసే పని వడ్రంగిని పిలిచి గోడకు చెక్క పలక కొట్టించడం. నిలబడ్డ మనిషి చేతికందే ఎత్తులో రేడియో, దాని మీద పూలు కుట్టిన గుడ్డ. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి వినవలసిన వస్తువది. ఆ లైసెన్సు పద్ధతి 1980ల నడిమి దాకా సాగింది. ఇంటి పెద్ద తప్ప మరొకరు నాబ్ ముట్టేవారు కాదు. హైదరాబాద్ కేంద్రం నుంచి రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి గొంతులు వినిపిస్తే పిల్లలు కింద చాప మీద కూర్చుని, తలలు పైకెత్తి గోడకేసి చూస్తూ వినేవారు. పిల్లల క్షేమం కోసం ఎవరో ఆలోచించి చేసిన ఏర్పాటు కాదది. వస్తువు ఖరీదైనది గనుక ఎత్తున పెట్టారు. దానితో పాటు పిల్లలూ పదిలంగా ఉన్నారు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టుబడి పనులు జోరందుకున్నాయి. ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ ప్రాంతాల నుంచి ఎందరో దుబాయి, మస్కట్, సౌదీ బాట పట్టారు. బొంబాయిలో దిగి ఇంటికి చేరేవారి సామానులో అత్తరు సీసా, మెత్తటి దుప్పటితో పాటు టూ-ఇన్-వన్ ఉండి తీరవలసిందే. నేషనల్ పానసోనిక్, సాన్యో అన్న పేర్లు అక్షరం ముక్క రాని అవ్వలకూ నోటికొచ్చాయి. టూ-ఇన్-వన్‌కు పిడి ఉంటుంది. పిడి ఉన్న వస్తువు గోడ మీద ఎందుకు నిలుస్తుంది? అది మంచం మీదికి, వాకిట్లోకి, చేని గట్టు మీదికి నడిచింది. పాటపెట్టె మొదటిసారి పిల్లల చేతికందింది అప్పుడే.

ఆనాటి నష్టాలు ఆనాటివి. పిల్లవాడు క్యాసెట్ టేపు కొసను వేలితో పట్టి లాగితే, అరవై నిమిషాల క్యాసెట్‌లోని సుమారు 90 మీటర్ల టేపు అర్రంతా పరుచుకునేది. పెన్సిలు దూర్చి తిప్పుకుంటూ పొద్దు పోయేది. అంతకంటే పెద్ద నష్టం ఎర్ర బటన్‌తో వచ్చేది. దుబాయి నుంచి బాపు ఉత్తరం రాయలేక తన గొంతే క్యాసెట్‌లో నింపి, తెలిసినవారి చేతికిచ్చి పంపిన రోజులవి. ఆ క్యాసెట్ లోపల ఉండగా పిల్లవాడు రికార్డు బటన్ నొక్కితే బాపు గొంతు చెరిగిపోయి, వాకిట్లోని కోళ్ల అరుపులు మిగిలేవి. దీనికి విరుగుడు క్యాసెట్‌లోనే ఉందని చాలామందికి తెలియదు. క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. చాకు మొనతో వాటిని విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు. మళ్లీ రికార్డు చేయాలంటే ఆ సందుకు కాగితం ముక్క అంటిస్తే సరి. పిల్లల చేతి నుంచి పాటను కాపాడే ఉపాయం ఆ రోజుల్లోనే కంపెనీవారు పెట్టె కంటే ముందు క్యాసెట్‌లో పెట్టారు.

ఆ తర్వాత 1990లలో డెక్కులు, 2000 తర్వాత సీడీలు, అయిదు బాక్సుల హోమ్ థియేటర్లు, ఇప్పుడు నడుమెత్తు టవర్ బాక్సులు, అరచేతిలో పట్టే బ్లూటూత్ పెట్టెలు వచ్చాయి. గోడ మీద మొదలైన పాటపెట్టె దిగుతూ దిగుతూ, పాకే పిల్లవాడి కంటి ఎత్తుకు వచ్చి ఆగింది.

అది రూపాయి బిళ్ల కాదు

అన్నింటికంటే ముందుగా చెప్పుకోవలసింది బిళ్ల బ్యాటరీ గురించే. సన్నటి రిమోట్లలో, పాడే ఆటబొమ్మల్లో, తెరిస్తే పాట వచ్చే కార్డుల్లో, దీపావళికి కొనే ప్లాస్టిక్ దీపాల్లో ఇది ఉంటుంది. రిమోట్లలో సాధారణంగా ఉండే బిళ్ల మీద 2032 లేదా 2025 అని రాసి ఉంటుంది. మొదటి రెండంకెలు దాని అడ్డకొలతను చెబుతాయి, అంటే 20 మిల్లీమీటర్లు. మిగతా రెండంకెలు మందం - 3.2 లేదా 2.5 మిల్లీమీటర్లు. ఇంచుమించు రూపాయి బిళ్ల అంత ఉంటుంది. మింగిన పిల్లవాడి ఆహారనాళంలో సరిగ్గా ఇరుక్కునే కొలత అది.

రూపాయి బిళ్ల మింగితే చాలాసార్లు మరుసటి రోజో, ఆ మరునాడో కింది నుంచి పోతుంది. ఆ అనుభవంతోనే పల్లెల్లో పెద్దలు 'అరటిపండు తినిపించు, అన్నం ముద్ద మింగించు' అంటారు. బ్యాటరీ విషయంలో ఆ మాట చెల్లదు. ఇరుక్కున్న చోట తడి తగలగానే బిళ్ల నుంచి కరెంటు పారి, పక్కనున్న కండలో గాఢమైన క్షారం పుడుతుంది. నోట్లో పచ్చి సున్నం పడితే పొక్కినట్టు లోపల కాలడం మొదలవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. ఆ తర్వాత నాళానికి రంధ్రం పడవచ్చు, పక్కనున్న పెద్ద రక్తనాళం దాకా పుండు పాకవచ్చు. పని చేయడం మానేసిందని తీసి పారేసిన పాత బిళ్లలో కూడా ఈ పని చేయడానికి చాలినంత సత్తువ ఉంటుంది. కిటికీలో, టీవీ వెనుక, బీడీల డబ్బాలో పాత బిళ్లలు దాచిపెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది వెంటనే మానవలసి ఉంది.

ఇది మన ఊళ్ల బాధే కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో రీస్ అనే ఏడాదిన్నర పాప రిమోట్ నుంచి ఊడిన బిళ్ల మింగి 2020 డిసెంబరులో కన్నుమూసింది. ఆ తల్లి పట్టుదలతో, పాప పేరు మీదనే 2022లో అక్కడ చట్టం వచ్చింది. బిళ్ల ఉండే అర పసిపిల్లల చేతికి తెరుచుకోని విధంగా ఉండాలన్నది దాని సారాంశం. ఆస్ట్రేలియాలోనూ అదే ఏడు జూన్ నుంచి అలాంటి నియమం అమలులోకి వచ్చింది. మన సంతల్లో, జాతరల్లో అమ్మే పాడే బొమ్మల అడుగున మూత గోటితో తీస్తేనే ఊడుతుంది. కొనేముందు ఆ మూతకు స్క్రూ ఉందో లేదో తిప్పి చూడడానికి అర నిమిషం చాలు. స్క్రూ లేని రిమోట్ ఇంట్లో ఉంటే గట్టి టేపు నాలుగు చుట్లు చుట్టి పెట్టాలి. అయినా దాన్ని పిల్లవాడికి ఆడుకోను ఇవ్వరాదు. ఏడుపు మాన్పడానికి రిమోట్ చేతికివ్వడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

పిల్లవాడు బిళ్ల మింగడం ఎవరూ చూడకపోవచ్చు. మూత ఊడిన రిమోట్ కింద పడి ఉండి, పిల్లవాడు చొల్లు కారుస్తూ, తిండి వద్దంటూ, దగ్గుతూ, వాంతి చేసుకుంటూ ఉంటే అనుమానించవలసిందే. వేలు పెట్టి కక్కించే ప్రయత్నం చేయరాదు. అన్నం, పాలు, అరటిపండు ఏవీ పెట్టరాదు. దెబ్బకూ జలుబుకూ పసుపునే ఆశ్రయించే ప్రాంతం మనది. ఇక్కడ మాత్రం పసుపు పాలు పనికిరావు. ఏడాది దాటిన పిల్లవాడైతే, మింగి 12 గంటలు దాటలేదనుకుంటే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, ఆరు సార్లకు మించకుండా ఇవ్వవచ్చని వైద్యులు చెబుతున్నారు. తేనె బిళ్ల చుట్టూ పూతలా పట్టి కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. ఏడాది నిండని పసికందుకు తేనె ఇవ్వనే కూడదు. ఇంట్లో తేనె లేకపోతే దాని కోసం దుకాణాల వెంట తిరుగుతూ ఆలస్యం చేయకూడదు.

అసలు పని 108కి ఫోను చేసి, ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి చేరడం. రూపాయి బిళ్లకూ, బ్యాటరీకీ ఎక్స్‌రేలో పొరబడే అవకాశం ఉంటుంది. శ్రద్ధగా చూస్తే బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. కనుక వెళ్లగానే 'బ్యాటరీ మింగినట్టుంది' అని స్పష్టంగా చెప్పాలి. రిమోట్‌నూ, అదే రకం బిళ్ల మరొకటి ఉంటే దాన్నీ వెంట తీసుకుపోతే డాక్టరుకు తేలికవుతుంది. గొట్టం వేసి బిళ్ల తీసే వసతి ఎక్కడుందో అక్కడికి ఆలస్యం లేకుండా పంపమని అడగాలి. ఆర్మూరు నుంచి నిజామాబాద్ సుమారు 27 కిలోమీటర్లు. హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి మూడు గంటలకు తక్కువ పట్టదు. రెండు గంటల లెక్క ముందు పెట్టుకుని చూస్తే, పొద్దుగూకాక చేని నుంచి వచ్చి చూద్దాంలే అనుకోవడానికి వీలు లేదు.

బిళ్ల ముక్కులోనో, చెవిలోనో దూరినా ఇంతే తొందర అవసరం. చెవిలో నూనె పోయడం, ముక్కులో నీళ్ల చుక్కలు వేయడం మన ఇళ్లలో అలవాటు. తడి తగిలితే బిళ్ల ఇంకా కాలుస్తుంది. ఏమీ వేయకుండా ఆసుపత్రికి పోవడమే మేలు.

అగ్గిపుల్లల ప్లగ్గు

ఇక కరెంటు సంగతి. పాత ఇళ్లలో స్విచ్చి బోర్డు నాలుగైదు అడుగుల ఎత్తున ఉండేది. కొత్త స్లాబు ఇళ్లలో టీవీ కోసమని జానెడు, మూరెడు ఎత్తులోనే సాకెట్లు పెట్టిస్తున్నారు. వైరు అందకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పరుస్తున్నారు. ప్లగ్గు విరిగిన చోట వైరు కొసలు చెక్కి సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చే పద్ధతి ఇప్పటికీ ఉంది. 230 వోల్టుల కరెంటుకూ, పాకే పిల్లవాడి చేతికీ మధ్య ఉన్న అడ్డు ఆ అగ్గిపుల్లే. పాతిక రూపాయల ప్లగ్గుకు వెనుకాడి ఇంత పని చేయడం ఎంత మాత్రం తగదు.

లోపల రెక్క అడ్డం ఉండే సాకెట్లు దొరుకుతాయి. వాటిలో ఒక రంధ్రంలో సీల దూర్చినా దారి తెరుచుకోదు. ఐఎస్ఐ ముద్ర చూసి అవే పెట్టించుకోవడం మంచిది. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే, కరెంటు మనిషి గుండా నేలకు పారిన మరుక్షణం లైను కొట్టేస్తుంది. ఎర్తింగు లేని ఇళ్లలో దీని అవసరం మరీ ఎక్కువ. ఆంప్లిఫయర్‌ను రిపేరు కోసం విప్పి, మూత లేకుండా అర్రలో వదిలేయడం కూడా ప్రమాదమే. ప్లగ్గు తీసినా లోపలి కండెన్సర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

ఛార్జర్‌ను సాకెట్‌లోనే ఉంచి, బ్లూటూత్ పెట్టెను మాత్రం తీసుకుపోతారు. వేలాడే కొసను పిల్లవాడు చప్పరిస్తాడు. స్విచ్చి ఆపి వైరు చుట్టి పైన పెట్టడానికి పెద్ద శ్రమ లేదు. బాక్సుల వైర్లు ఉరితాళ్లలా వేలాడకుండా గోడ వెంట క్లిప్పులు కొట్టించాలి. పిల్లవాడికి షాకు తగిలితే ఒట్టి చేత్తో పట్టుకోరాదు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో వైరు తప్పించాలి. ఆపై పిల్లవాడు లేచి ఆడుకుంటున్నా డాక్టరుకు ఒకసారి చూపించాలి.

పై కప్పున రిమోట్ పెట్టరాదు

తొమ్మిది, పది నెలల పిల్లవాడు ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడతాడు. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కడం నేరుస్తాడు. టవర్ బాక్సుకు పాదం చిన్నది, నిలువు పెద్దది. పట్టుకుని లేస్తే అది పిల్లవాడి మీదికే వాలుతుంది. బాక్సు వెనుక పైభాగాన ఎల్ ఆకారపు క్లాంపు బిగించి గోడలోకి స్క్రూ వేయించాలి. అది కుదరకపోతే గోడకు కొక్కెం కొట్టి, బలమైన తాడుతో వెనుక నుంచి కదలకుండా కట్టాలి. టీవీకీ ఇదే వర్తిస్తుంది. బల్ల మీద గుడ్డ పరచి దాని మీద పెట్టెలు పెడితే, పిల్లవాడు గుడ్డ లాగడంతో అన్నీ కలిసి వస్తాయి. బాక్సు పైన రిమోటో, బొమ్మో, బిస్కెట్ పుడకో పెట్టడమంటే 'ఎక్కి తీసుకో' అని చెప్పడమే.

బాక్సుకు జరిగే నష్టం గురించి రెండు మాటలు. జాలీ తీసేసిన స్పీకరు నడిమి బుడిపెను వేలితో లోపలికి నొక్కడం పిల్లలకు మహా సరదా. మెత్తటి టేపు అంటించి మెల్లగా లాగితే ఒక్కోసారి పైకి వస్తుంది. కోన్ చిరిగితే మెకానిక్ దగ్గరికే. సబ్ వూఫర్ పక్కనుండే గుండ్రటి రంధ్రం పిల్లలకు హుండీ. చెంచాలు, తాళంచెవులు, బీడీ కట్టలు అందులోకే చేరుతాయి. ఇంట్లో ఏదైనా కనిపించకపోతే ముందు అక్కడ వెదకవలసిందే. ఆ రంధ్రానికి సన్న జాలీ బిగిస్తే మోత తగ్గదు.

మోత పిల్లలకు భారం

నాబ్ తిప్పే చేయి పూర్తిగా తిప్పుతుంది. ఆపేముందు శబ్దం తగ్గించి ఆపే అలవాటు పెద్దలు చేసుకుంటే, పిల్లవాడు ఆన్ చేసినా ఒక్కసారిగా పెట్టె గర్జించదు. పిల్లలు వారానికి 40 గంటలు వినేట్టయితే శబ్దం 75 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొలిచే యంత్రం లేకపోయినా గురుతు ఒకటుంది. చేతి దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే అది ఎక్కువ మోత అన్నట్టే. బరాత్‌లో డీజే బండి ముందు నెలల పిల్లను చంకనేసుకుని నిలబడే తల్లులు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. పెళ్లివారు ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇక్కడ అక్కర్లేదు.

కొడితే మానతాడా?

పెట్టె ముట్టాడని పిల్లవాడిని కొట్టే ఇళ్లున్నాయి. నొక్కితే పాట వస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది - తన చేతితో లోకంలో ఒకటి జరుగుతుందని పిల్లవాడు కనిపెట్టే వయసది. దాన్ని దొంగతనంలా చూడడం సరికాదు. 'వద్దు' అన్న మాట అర్థమైనా, దాన్ని గుర్తుంచుకుని చేయి వెనక్కి తీసుకునే నిబ్బరం రెండు, మూడేళ్ల దాకా రాదు. అందాకా పెట్టెనే జరపాలి.

పాడైపోయిన పాత రేడియో ఒకటి ఉంటే బ్యాటరీలు తీసి, వైరు కోసి, విరిగిన అంచులు, ఊడే ముక్కలు లేకుండా చూసి వాడికిస్తే నాబ్ తిప్పుకుంటూ గంటలు గడుపుతాడు. మూత గట్టిగా బిగించిన డబ్బాలో చింతగింజలు పోసి ఇస్తే అదీ వాద్యమే. మూత ఊడే డబ్బా అయితే మాత్రం గింజలు గొంతుకు అడ్డం పడతాయి. పెట్టె ఉన్న మూలకు అడ్డంగా మంచం వాల్చినా, పెట్టెను అర్రలో పెట్టి దర్వాజకు పై గొళ్లెం వేసినా పగటి పూట గడిచిపోతుంది. కాపలా ఉన్న అవ్వ బీడీల లెక్క తప్పకుండా పని చేసుకోవాలంటే ఇదొక్కటే దారి. ఆమె ఒక్కతే రెండు పనులు చూడలేదన్నది ఇంట్లోవారు ఒప్పుకోవలసిన సంగతి.

బాలింతలు, పసిపిల్లల తల్లులు వచ్చే అంగన్‌వాడీల్లో బిళ్ల బ్యాటరీ సంగతి కూడా చెబితే బాగుంటుంది. హోమ్ థియేటర్ బిగించడానికి ఇంటికొచ్చే మెకానిక్కులు క్లాంపు, ఎత్తు పలక గురించి ఒక మాట చెబితే కొనేవారు కాదనరు.

సందుగలోని గొంతు

గల్ఫ్ నుంచి వచ్చిన పాత క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్ల సందుగల్లో, బట్టల అడుగున ఉన్నాయి. మాట్లాడిన మనిషి పోయినా గొంతు మిగిలి ఉంది. నలభై ఏళ్ల టేపు చెమ్మకు బూజు పడుతుంది, పొరలు అతుక్కుంటాయి. ఆడే డెక్కు ఒకటి సంపాదించి, దాని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి ఆ గొంతును ఎక్కించుకోవచ్చు. మెమరీ కార్డులో ఒక ప్రతి, దూరాన ఉన్న బంధువు ఫోనులో మరొక ప్రతి ఉంచుకోవడం మేలు. అంతకుముందు క్యాసెట్ వెనుక ఆ రెండు రేకులు విరిచి ఉన్నాయో లేదో చూసుకోవాలి. క్యాసెట్ తిరుగుతున్నంత సేపు అర్ర దర్వాజ వేసి ఉంచాలి. మునిమనుమడు బయట తలుపు తడుతూనే ఉంటాడు. ఆ చప్పుడు టేపులోకి ఎక్కదు గనుక తట్టనివ్వవచ్చు.